కొమ్ములు లేని బాస్ గిటారు

కాకినాడ తిరిగొచ్చి వారమైంది. కనబడ్డవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: వరంగల్ వెళ్లొచ్చావటగా, కోట చూశావా, వేయి స్తంభాల గుడి చూశావా అని. రెండూ చూడలేదు. ఒక బట్టల గోడౌను, ఒక చర్చి, అడవి పక్కన ఒక ఇల్లు, ఒక ఫంక్షన్ హాలు చూశాను. ఇంత చెప్పగానే అడిగినవాళ్ల ముఖాలు చిన్నబోతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను సినిమాలకు శబ్దం రికార్డు చేస్తాను. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర మైకు, అదీ నా వేషం. ఈసారి పని ఒక రాక్ కచేరీ సినిమా. కచేరీని ముందు నుంచి చివరిదాకా తీసి, మధ్యలో వాద్యగాళ్ల ఇళ్లూ వాకిళ్లూ చూపిస్తారు. ఇలాంటివి చాలా చూశాను గనక వాటి పద్ధతి నాకు తెలుసు. పాడేవాడికి ముఖం, గిటారు వాడికి జుట్టు, డ్రమ్ములవాడికి చెమట. మంద్రస్వరాలు పలికే బాస్ గిటారు వాయించేవాళ్లకు వేళ్లు మాత్రమే. ఆ వేళ్లు ఆడపిల్లవైతే కెమెరా చెప్పుల దగ్గర బయల్దేరి ముఖం చేరేసరికి పాట అయిపోతుంది. ఇక జనంలో ఆడవాళ్లంటే ఎవరి భుజాల మీదో ఎక్కి చేతులూపే ఒకమ్మాయి. చీర కట్టినవాళ్లు, నెత్తి నెరిసినవాళ్లు రాక్ సంగీతం వినరని ఆ సినిమాలు చూసి నమ్మాలి.

మా దర్శకుడు అభినవ్ హైదరాబాద్ కుర్రాడు. ఈ పద్ధతి తానే మారుస్తానని నాకు ఫోన్లో గంటసేపు చెప్పాడు. మన సినిమాలో అన్ని వర్గాలవాళ్లూ కనబడాలి శాంతి గారూ, అన్నాడు. నాకు సంతోషమేసింది. కాకపోతే ఎవరు ఎలా కనబడాలో కూడా అతను ముందే నిర్ణయించుకున్నాడని వరంగల్ వెళ్లాకే తెలిసింది.

తానుల మధ్య

స్టేషన్ బయట ఆటో అతను, కూసో అక్కా, ఎంతో కొంత ఇయ్యి అన్నాడు. హనుమకొండ బజారులో దిగాక ఆ ఎంతో కొంత ఎంతో ఎక్కువని తేలింది. బేరమాడబోతే మీరు ఆంధ్రోళ్లా అని నవ్వి ఇంకో పది తగ్గించాడు. మా ఊళ్లో అయితే పరాయి ఊరివాళ్లని తెలిశాక ధర పెరుగుతుంది.

బ్యాండు పేరు ఘాటు. మిరపకాయల మార్కెట్టు ఉన్న ఊరికి అంతకన్నా పేరేముంటుంది. మొత్తం ముగ్గురు. పాడుతూ గిటారు వాయించే సాయికిరణ్ బట్టల షాపు వాళ్లబ్బాయి. డ్రమ్ములు ప్రభుదాస్, ఊరు నెక్కొండ. బాస్ గిటారు నాగమణి, దవాఖానలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్. నల్ల టీషర్టు, పొట్టి జడ. మొదటి రోజంతా ఆమె నాతో మాట్లాడింది రెండు ముక్కలు: ఛాయ్ తాగుతవా అక్కా, ఇంకో ఛాయ్ తాగుతవా అక్కా.

సాధన చేసేది షాపు మీది గోడౌనులో. గోడల పొడుగునా కప్పుదాకా బట్టల తానులు. లక్షలు పోసి కట్టిన స్టూడియోల్లో కూడా అంత శుభ్రమైన శబ్దం నాకు దొరకలేదు. అదనపు మోత అంతా ఆ తానులు మింగేస్తున్నాయి. బాస్ గిటారు చెవికన్నా ముందు కడుపుకు తగులుతుంది. అది తగిలినప్పుడల్లా పై వరసలోని పట్టుచీరల పెట్టెలు సన్నగా వణికేవి.

సాయికిరణ్ వాళ్లమ్మ సరోజనమ్మ గారు సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె. మా దిబ్బరొట్టెకు సన్నటి చెల్లెలనుకోండి. బదులుగా నేను కాకినాడ కాజాలు ఇచ్చాను. లోపల పాకం ఉంటుంది, నోట్లో పెట్టుకునే కొరకాలి అని చెప్పేలోగా అభినవ్ దాన్ని వేళ్లతో విరిచాడు. పాకం అతని తెల్ల చొక్కా మీదినుంచి లెన్సు డబ్బా మీదికి జారింది. మిగిలిన రోజులన్నీ మా వెంట చీమలు ప్రయాణం చేశాయి.

వ్యాపారి కొడుకు రాక్ పాడుతున్నాడంటే తండ్రి అడ్డుపడే ఉంటాడని అభినవ్ లెక్క. తండ్రీకొడుకుల గొడవ ఒకటి తీద్దామని కెమెరా సిద్ధం చేశాడు. తండ్రేమో కచేరీ జరిగే ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టింది తానేనన్నాడు. సరోజనమ్మ గారైతే ఇంకో అడుగు ముందుకు వేసింది.

“పైన వీళ్లు కొడతాంటే కింద గిరాకీలకు బేరమాడబుద్ధి గాదు. చెప్పిన ధర ఇచ్చి పోతాండ్రు.”

నెక్కొండలో బగారా అన్నం

రెండో రోజు ప్రభుదాస్ ఊరు. వాళ్ల బాపు, అంటే నాన్న, అక్కడి చర్చిలో పాస్టరు. ప్రభుదాస్ చిన్నప్పుడు ఆరాధనలో చేతికందిందల్లా వాయించేవాడట. ఇక్కడా అభినవ్ కథ ముందే రాసుకొచ్చాడు. కొడుకు డ్రమ్ములు వాయించడం పాస్టరు గారికి ఇష్టం లేదు, ఇది దేవుడి సంగీతం కాదని కోప్పడాలి. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

“ఆ డ్రమ్స్ సంఘమంతా కలిసి కొనిచ్చిందే బాబూ. మీకోసం కోపం చెయ్యమంటే చేస్త గని, రేపు ఆదివారం నన్ను చూసి అందరు నవ్వుతరు.”

చివరకు కోపం బదులు భోజనం తీశాం. బగారా అన్నం, కోడికూర. మావైపు ఏ శుభకార్యానికైనా పులిహోర ఎలాగో, వీళ్లకు ఈ మసాలా అన్నం అలాగ. పెద్ద గుండిగ మూత తీసినప్పుడు వచ్చిన చప్పుడు కూడా రికార్డు చేసుకున్నాను. అది ఏ సినిమాలో వాడతానో తెలియదు. వంట చేసిన ఆడవాళ్లు నా మైకు మీద ఉండే బొచ్చు తొడుగును నిమిరి, కుక్కపిల్లా అని అడిగారు. గాలి హోరు పడకుండా తొడుగుతామని చెప్పాను. ఎండకు పాపం దానికి ఉక్కపోస్తది గదా అంది ఒకామె.

తిరుగు ప్రయాణంలో అభినవ్ దిగాలుగా ఉన్నాడు. సినిమాలో వైవిధ్యం తక్కువైందట. ఏటూరునాగారం వైపు అడవిలో వెతికితే గిరిజన వాద్యకారులు ఎవరైనా దొరకరా, రేపే వెళ్దాం అన్నాడు. సాయికిరణ్, ప్రభుదాస్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగమణి మాత్రం ఆ రోజు మొదటిసారి ఉత్సాహంగా కదిలింది. పోదాం సార్, నాకు దారి తెలుసు, నేనొస్త అంది.

ఏటూరునాగారం దారి

మూడో రోజు పొద్దున్నే నాగమణి బండి ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో స్వీట్ల డబ్బా, కాళ్ల దగ్గర రెండు పెద్ద సంచులు. అడవికి ఇన్ని సామాన్లా అని అభినవ్ అడిగితే, అవసరం పడతయి సార్ అంది.

ములుగు దాటాక చెట్లు రోడ్డుకు దగ్గరగా వచ్చాయి. పక్షుల చప్పుడు పట్టుకుందామని ఒకచోట బండి ఆపించి మైకు బయట పెట్టాను. నా వెనకాల కోతి ఉందని ఎవరూ చెప్పలేదు. అది వచ్చి నా మైకు తొడుగును కుబుసం ఒలిచినట్టు ఒలుచుకుని చెట్టెక్కింది. పైన కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని పేలు చూడటం మొదలుపెట్టింది. ఆ దృశ్యం తీయమంటే అభినవ్ తీయలేదు. గిరిజన సంగీతానికి దానికి సంబంధం లేదన్నాడు.

ఏటూరునాగారంలో టీ కొట్టు దగ్గర అతను దిగి, ఇక్కడ సంప్రదాయ వాద్యకారులు ఎక్కడ దొరుకుతారని అడిగాడు. కొట్టు అతను టీ పోస్తూ బండిలోకి తొంగి చూశాడు. నాగమణి చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. దర్శకుడికి టీ అందించాడు. నాగమణి చెప్పినట్టు కుడికీ ఎడమకూ తిరిగి ఒక పెంకుటింటి ముందు ఆగాం. లోపలినుంచి ఒకావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నాగమణి గడ్డం పట్టుకుంది. ఇద్దరూ నాకు తెలియని భాషలో ఒకేసారి మాట్లాడేస్తున్నారు. స్వీట్ల డబ్బా, సంచులు చేతులు మారాయి.

మీకు వీళ్లు తెలుసా అని అడిగాడు అభినవ్.

మా అమ్మ సార్, సమ్మక్క, అంది నాగమణి. మేం కోయోళ్లం.

 ఈ సంగతి నిన్ననే ఎందుకు చెప్పలేదని అభినవ్ అడిగితే ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది.

“మీరు అడగలే. ఇంటికి రాక మస్తు రోజులాయె. కారుల తీస్కపోతాంటే వద్దంటనా?”

నేను నవ్వుతుంటే నా మైకులో నా నవ్వే పడింది. ఆ రోజు రికార్డులో అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది అదే.

సమ్మక్క గోదావరి చేపల పులుసు వండింది. మేం వేసేటంత చింతపండు వెయ్యలేదు, కారం మాత్రం వెనకాడలేదు. మా గోదావరి చేప రుచే వేరని అలవాటుగా అన్నాను. మీ గోదావరి ఎట్లయితదమ్మా, ముందు మా దగ్గరికే వస్తది, మేం వాడుకోంగ మిగిలినయి మీకొస్తయి, అంది ఆవిడ. పుట్టి బుద్ధెరిగాక ఆ నది గురించి నేను మొదటిసారి వెనక్కి తగ్గి మాట్లాడాను.

తొడుగు పోయిన సంగతి విని నాగమణి మేనమామ లక్ష్మయ్య ఇంట్లోకెళ్లి తన మంకీ క్యాపు తెచ్చి మైకుకు తొడిగాడు. కోతి తీసుకున్నదానికి లెక్క సరిపోయింది. పైగా గాలి బాగానే ఆపింది.

కొమ్ములు

అన్నం తిన్నాక అభినవ్ మళ్లీ మామూలు మనిషయ్యాడు. మరీ మామూలయ్యాడు. కోయవాళ్లు నాట్యంలో పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగా గురించి అతను ఫోన్లో చూశాడు. నాగమణి అది పెట్టుకుని బాస్ గిటారు వాయిస్తే పోస్టరు అదిరిపోతుందన్నాడు. రేపు కచేరీలోనూ పెట్టుకోవాలన్నాడు.

అది ఆడేటప్పుడు మగోళ్లు పెట్టుకునేదని నాగమణి చెప్పింది. మనది రాక్ కదా, నియమాలు బద్దలు కొడదాం అన్నాడు అతను. లక్ష్మయ్య మర్యాదగానే కల్పించుకున్నాడు. అది తమ ఒక్కింటి సొత్తు కాదని, పెళ్లికో పండక్కో పెద్దలు కూర్చుని తీస్తారని, ఫోటో కోసం తీయరని అన్నాడు. అయితే అట్టతో చేయిద్దాం, వరంగల్‌లో మనకు ఆర్ట్ వాళ్లున్నారు, అన్నాడు అభినవ్. అది లేకుండా ఈ అమ్మాయి ఎక్కడినుంచి వచ్చిందో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుందని వాదించాడు.

నాగమణి గొంతు పెంచలేదు.

“సార్, మీకు నేను కావాల్నా, కొమ్ములు కావాల్నా?”

అతను ఆర్ట్ వాళ్లకు ఫోను చేస్తూ వాకిట్లోకి వెళ్లాడు. అదే జవాబని అందరికీ అర్థమైంది. తిరుగు దారిలో ముందు సీటు ఖాళీగా ఉంది. నాగమణి వెనకాల నా పక్కన కూర్చుంది. బాస్ ఎలా నేర్చుకున్నావని అడిగితే కొంచెంకొంచెంగా చెప్పింది. చదువుకోడానికి వరంగల్ వచ్చినప్పుడు ఆమె ఉన్న హాస్టలు పక్కనే ఒక చర్చి. పాటలు స్పష్టంగా వినబడేవి కావు, గోడలోంచి బాస్ మాత్రం వచ్చేది. ఆ చప్పుడు ఎవరు చేస్తున్నారో చూద్దామని ఒక ఆదివారం వెళ్లి, అక్కడే నేర్చుకుంది. మా డోలు చప్పుడు లెక్క ఇది గుండెకాడ తాకుతది అక్కా, అంది. ఆ మాట మైకులో పడలేదు. నేను కర్ర మడిచేసి ఉన్నాను.

మరునాడు, కచేరీ రోజు పొద్దున, గోడౌనులో చివరి సాధన. అట్ట కొమ్ములు రానే వచ్చాయి. వెండిరంగు కాగితం అంటించారు. సాయికిరణ్ వాటిని చేతిలో తిప్పుతూ నాగమణితో, ఒక్క పాటకు జర అడ్జస్ట్ కారాదు, ఈ సినిమా మనకు మల్లా దొరుకుతదా, అన్నాడు. అతని కంగారు నాకు అర్థమైంది. ఊళ్లో పెళ్లిబారాత్‌లకు వాయించి వాయించి విసిగిన కుర్రాడు. నాగమణి గిటారును సంచీలో పెట్టి జిప్పు లాగడం మొదలుపెట్టింది. ప్రభుదాస్ డ్రమ్ముల కర్రలు కింద పెట్టేశాడు. సాయంత్రం కచేరీ జరగదని నాకు నమ్మకం కుదిరింది.

అప్పుడే సరోజనమ్మ గారు టిఫిన్ గిన్నెలతో మెట్లెక్కి వచ్చింది. సంగతేమిటని కొడుకునడిగి తెలుసుకుంది. గిన్నెలు దించి ఆ కొమ్ముల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“అంత మంచిగుంటే నువ్వే పెట్టుకోరాదురా.”

పెట్టి కూడా చూసింది. కొడుకు నెత్తిన ఒక కొమ్ము నిలబడింది, రెండోది చెవి మీదికి వాలింది. ప్రభుదాస్‌కు పొలమారింది. నాగమణి జిప్పు మీద చెయ్యి ఆగిపోయింది. పెదాలు బిగబట్టుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. సాయికిరణ్ వాటిని తీసి తానుల వెనక పడేశాడు. తప్పయింది నాగమణీ, అన్నాడు నేల చూస్తూ. ఆమె అప్పుడే ఒప్పుకోలేదు. ముందు ఇడ్లీ తిను, చల్లారుతాంది, అంది. కాసేపటికి జిప్పు వెనక్కి లాగింది.

ఫంక్షన్ హాలు

హాల్లో అంతకుముందు రోజు పెళ్లి తాలూకు పూలదండలు ఇంకా వేలాడుతున్నాయి. ముందు వరసల్లో బజారు కుటుంబాలు, నెక్కొండ చర్చి నుంచి ఆటోల్లో వచ్చిన జనం. ఎడమ పక్కన మొదటి వరసలో సమ్మక్క, లక్ష్మయ్య. బస్సులో వచ్చారు. వెనకాల కుర్రకారు. అభినవ్ మూడు కెమెరాలు పెట్టాడు. ఒకటి సాయికిరణ్ మీద, ఒకటి డ్రమ్ముల మీద, ఒకటి గంతులేసే కుర్రాళ్ల మీద. నాగమణి మీద ఏదీ లేదు. అలిగానని చెప్పడు గానీ కెమెరాలు చెబుతూనే ఉన్నాయి.

మూడో పాట సగంలో సాయికిరణ్ గిటారు తీగ తెగింది. కొత్త తీగ బయట బండిలో ఉంది. అతను వేదిక దిగి పరుగెత్తాడు. పాట ఆగలేదు. ప్రభుదాస్ వేగం తగ్గించి సన్నగా వాయిస్తున్నాడు, నాగమణి అదే నాలుగు స్వరాలను తిప్పుతూ నిలబడింది. మధ్యలో మైకు ఖాళీగా ఉంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె రెండడుగులు ముందుకేసి, వాయిస్తూనే, ముందు వరస వైపు చూసి కోయ భాషలో ఏదో అంది. రెండే వాక్యాలు.

ఇక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నదాన్ని గనక నాకే తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. ఆ మాట కాగానే ఎడమ చెవిలో సమ్మక్క, లక్ష్మయ్య నవ్వారు. అది నేననుకున్నదే. కానీ అదే క్షణంలో కుడి చెవిలో, బాగా వెనకనుంచి, ఇంకో నవ్వుల గుంపు వినబడింది. తిరిగి చూశాను. చివరి వరసలో హాస్టలు అమ్మాయిలు, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లు. వరంగల్‌లో ఒక వేదిక మీదినుంచి వాళ్ల భాష వినబడుతుందని ఎదురుచూడలేదు కాబోలు, ఒకళ్లనొకళ్లు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి కుర్చీ ఎక్కి, ఆ భాషలోనే గట్టిగా జవాబిచ్చింది.

వేదిక మీద నాగమణి తెల్లబోయింది. ఆమెకూ వాళ్లెవరో తెలియదు. తర్వాత ఆమె ముఖంలో వచ్చిన నవ్వు నేను మాటల్లో పెట్టలేను. నా చెవులకు వినబడింది మాత్రం చెప్పగలను. బాస్ ఒక్కసారిగా పెద్దదైంది.

కెమెరా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ముగ్గురూ తిరిగారు. ఒకడు నాగమణి ముఖం మీదికి, ఒకడు సమ్మక్క మీదికి, ఒకడు చివరి వరస మీదికి. అభినవ్ వాకీటాకీలో, ముఖం వదలకు, ముఖం వదలకు అంటున్నాడు. సాయికిరణ్ తీగతో తిరిగొచ్చి కూడా వెంటనే వేదిక ఎక్కలేదు. మెట్ల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు.

తెల్లగుడ్డ

మర్నాడు మధ్యాహ్నం నా రైలుకు ముందు, ఆ పాట ఒక్కటీ అతుకులేసి చూద్దామన్నారు. గోడౌనులో కిటికీలు మూసి, సరోజనమ్మ గారు ఒక తెల్ల తాను విప్పి తానుల దొంతర మీదినుంచి వేలాడదీసింది. సమ్మక్క, లక్ష్మయ్య ఆ రాత్రి నాగమణి గదిలోనే ఉండిపోయారు గనక వాళ్లూ వచ్చారు. కచేరీకి వచ్చిన పాస్టరు గారు కూడా ఊళ్లోనే ఆగిపోయి వచ్చారు.

నాగమణి మాటల దగ్గర అభినవ్ ఆపాడు. ఇది సినిమాకే ప్రాణం అన్నాడు. అడవితల్లికి మొక్కు లాంటిదేనా అని అడిగి, బొమ్మ కింద తెలుగులో ఏం రాయాలో చెప్పమన్నాడు. ఆమె మొహమాటపడుతూనే చెప్పింది.

“మామా, గడియారం చూసుడు ఆపు, ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది, పొద్దుగాల పోదురు గని. గంతే అన్న సార్.”

మరి కుర్చీ ఎక్కిన అమ్మాయి ఏమందని అడిగాడు. మాకు గూడ బస్సు పోయింది అక్కా, నువ్వు వాయించు అన్నదట.

 అభినవ్ ఆ మాటలు వినబడకుండా సంగీతం పెంచుతాడో, మొక్కు అనే రాస్తాడో అని నాకు భయంగానే ఉంది. అతను కంప్యూటరు ఒళ్లోకి తీసుకున్నాడు. మల్లా చెప్పు నాగమణీ, ఒక్కొక్క మాట, నీ మాటల్లోనే, అన్నాడు. ఆమె చెబుతుంటే గడియారం దగ్గర్నుంచి వాయించుదాకా ఏమీ మార్చకుండా టైపు చేశాడు.

తర్వాత వేశాడు. నాగమణి ముఖం ఆ గుడ్డ మీద మనిషంత ఎత్తున వచ్చింది. వేళ్లు కాదు, చెప్పులు కాదు, ముఖం. కింద బస్సు సంగతి. పాస్టరు గారు, సరోజనమ్మ గారు, కెమెరా కుర్రాళ్లు, ఈసారి అందరూ ఒకేసారి నవ్వారు. లక్ష్మయ్య గడియారం ఉన్న మణికట్టును చొక్కా చేతిలోకి లాక్కున్నాడు.

సమ్మక్క మాత్రం నవ్వలేదు. లేచి వెళ్లి గుడ్డకు బాగా దగ్గరగా నిలబడింది. బొమ్మ ఆగిపోయాక కూతురితో కోయలో మెల్లగా ఏదో అంది. అందరం నాగమణి వైపు తిరిగాం.

“మల్లొకసారి ఏయమంటాంది,” అంది నాగమణి.

అభినవ్ మళ్లీ వేశాడు. ఈసారి తెర మీద నాగమణి మైకు దగ్గరికి రెండడుగులు వేస్తుండగానే, ఇంకా నోరు తెరవకముందే, సమ్మక్కతో సహా మేమందరం నవ్వడం మొదలుపెట్టాం.